రాంగ్ సైడ్ బండి నుంచి అణుబాంబు దాకా: శిక్ష భయం మనిషిని నిజంగా ఆపుతుందా?

మారతహళ్ళి_బాటసారి
పోయిన నెల 11వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మా బావమరిది మారతహళ్ళి దగ్గర సర్వీస్ రోడ్డు దాటుతుంటే రాంగ్ సైడ్‌లో వచ్చిన స్కూటరు గుద్దింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్ వేశారు, ఇంకో రెండు నెలలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. బండి నడిపిన అబ్బాయికి ఇరవై మూడేళ్ళు ఉంటాయి. స్టేషన్‌లో ఆ బండి నంబరు కొట్టి చూస్తే కట్టని చలాన్లు పద్నాలుగు బయటపడ్డాయి. అందులో ఆరు రాంగ్ సైడ్‌లో వచ్చినందుకు వేసినవే.

2019 సెప్టెంబరు 1 నుంచి కేంద్రం మోటారు వాహనాల చట్టం కింద జరిమానాలను ఎన్నో రెట్లు పెంచింది. తాగి నడిపితే అంతకుముందు 2,000 ఉన్న జరిమానా 10,000 అయింది, హెల్మెట్ లేకపోతే 100 ఉన్నది 1,000 అయింది. కర్ణాటక ఆ నెలలోనే కొన్నింటిని తగ్గించినా పాత రేట్లతో పోలిస్తే అవి ఎక్కువే. అయినా ఆ అబ్బాయి పద్నాలుగు సార్లు చలాన్ వేయించుకుని పదిహేనోసారి మా ఇంటి మనిషి కాలు విరగ్గొట్టాడు. శిక్ష కఠినంగా ఉంటే జనం తప్పు చేయడానికి జంకుతారని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. ఆ మాటలో నిజమెంత? ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆలోచించినకొద్దీ నాకు జవాబు దొరకడం లేదు.

రాయలసీమ_రాగిసంగటి
జరిమానాలతో అయ్యే పని కాదు. బండి లాక్కుని, నడిరోడ్డు మీద అందరూ చూస్తుండగా తుక్కు కింద కొట్టించాలి. పది బండ్లను అలా చేస్తే పదకొండోవాడు రాంగ్ సైడ్ వైపు తలతిప్పి కూడా చూడడు. దండం దశగుణం అని పెద్దలు ఊరికే అనలేదు.

హెచ్ఎస్ఆర్_కోడర్
బాటసారి గారూ, ఆ పద్నాలుగు చలాన్లలో ఒక్కటైనా ఎందుకు కట్టలేదో ఆ అబ్బాయిని అడిగారా? 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో పాత చలాన్లు సగం కడితే చాలన్నారు. కొన్ని రోజుల్లోనే వంద కోట్లు దాటి వసూలైంది. ప్రభుత్వానికి డబ్బు వచ్చింది, కాదనను. కానీ అంతకుముందు ఏ చలాన్‌కు ఆ చలాన్ నిజాయితీగా కట్టిన నాలాంటివాడికి అర్థమైంది ఏమిటంటే, ఆగినవాడికి సగం మిగిలిందని. అప్పటి నుంచి మా ఆఫీసులో చలాన్ మెసేజ్ వస్తే వెంటనే కట్టేవాళ్ళు కనపడలేదు. మళ్ళీ తగ్గింపు వస్తుందిలే అంటారు.

కోడంబాక్కం_వకీలు
ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన ముద్దాయిలలో, తాను చేసిన పనికి ఎన్నేళ్ళ శిక్ష పడుతుందో ముందే తెలిసినవాళ్ళు చాలా తక్కువ. మొదటి వాయిదా రోజున నేను సెక్షన్ చదివి చెప్పినప్పుడు మాత్రమే వాళ్ళ ముఖం మారుతుంది. శాసనసభలో మూడేళ్ళను ఏడేళ్ళు చేస్తే పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది, కానీ ఆ వార్త చేరవలసిన మనిషికి మాత్రం చేరదు.

బాటసారి గారి కేసులో భారతీయ న్యాయ సంహిత 281 కింద నిర్లక్ష్యంగా నడిపినందుకు ఆరు నెలల వరకు జైలు, 125 కింద తీవ్రమైన గాయం చేసినందుకు మూడేళ్ళ వరకు జైలు ఉన్నాయి. అంటే చట్టంలో శిక్షకు కొదవ లేదు. ఆ శిక్ష తన దాకా వస్తుందన్న నమ్మకం లేకపోవడమే అసలు లోటు. 1764లో ఇటలీలో బెకారియా అనే ఆయన రాసిన చిన్న పుస్తకంలోని ముఖ్యమైన వాదన ఇదే: శిక్ష ఎంత క్రూరమైనదన్నది కాక, అది ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా వస్తుందన్నదే మనిషిని ఆపుతుంది. రెండున్నర శతాబ్దాల తరువాత నేర శాస్త్రంలో జరిగిన పరిశోధన చాలావరకు ఆ దిశగానే వచ్చింది.

రాయలసీమ_రాగిసంగటి
వకీలు గారూ, మీ మాట ప్రకారం శిక్ష వల్ల ఏమీ లాభం లేదు. అయితే పోలీసులను, జైళ్ళను ఎత్తేద్దామా?

కోడంబాక్కం_వకీలు
అలా నేననలేదు. 1944 సెప్టెంబరులో డెన్మార్క్‌ను ఆక్రమించుకుని ఉన్న జర్మన్లు అక్కడి పోలీసులను అరెస్టు చేసి నిర్బంధ శిబిరాలకు పంపించేశారు. చట్టాలు, శిక్షలు అవే ఉన్నాయి, పట్టుకునేవాళ్ళే లేరు. దోపిడీలు, దొంగతనాలు అమాంతం పెరిగాయి. అంటే శిక్ష భయం ఉత్త భ్రమ కాదు. ఆ భయమంతా 'పట్టుబడతాను' అన్న ఊహ మీదే నిలబడి ఉందనడానికి ఇంతకంటే మంచి రుజువు నాకు కనపడలేదు.

కంటోన్మెంట్_టీచరమ్మ
వకీలు గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను. నేను పనిచేసిన ఒక కాలేజీలో పరీక్షలో కాపీ కొడుతూ దొరికితే మూడేళ్ళపాటు ఏ పరీక్షా రాయనివ్వకూడదనే నియమం పెట్టారు. పెట్టిన ఏడాది మా అందరికీ అది సబబుగానే తోచింది. ఆ తరువాత ఇన్విజిలేషన్‌లో నా ఎదుటే ఒక పిల్ల, చున్నీ అంచు మడతలో దాచుకున్న చీటీతో దొరికింది. చీటీ మీద అక్షరాలు ఎంత చిన్నవంటే, కళ్ళజోడు పెట్టుకుని కూడా నేను చదవలేకపోయాను. ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు, నా చేతికేసి చూస్తూ ఉండిపోయింది. మూడేళ్ళు ఇంట్లో కూర్చోబెడితే వాళ్ళ నాన్న పెళ్ళి చేసేస్తాడని నాకు తెలుసు. చీటీ చింపి చెత్తబుట్టలో వేసి, పేపరు తీసుకుని బయటకు పంపాను, ఎక్కడా రాయలేదు.

తరువాత స్టాఫ్ రూములో మాట్లాడుకుంటే తెలిసిన సంగతేమిటంటే, అందరమూ అదే చేస్తున్నాం. నియమం పెట్టాక ఒక్క కేసు కూడా కాగితం మీదకు ఎక్కలేదు. పిల్లలకు ఆ రహస్యం మాకంటే ముందే తెలిసిపోయింది. చివరికి దాన్ని మార్చి, దొరికిన ఆ ఒక్క పేపరు మాత్రమే రద్దు చేస్తామని పెట్టాకే మేము రాయడం మొదలుపెట్టాం, కాపీలూ తగ్గాయి.

హెచ్ఎస్ఆర్_కోడర్
టీచరమ్మ గారూ, ఇది చదివాక నా ఆలోచన తిరగబడింది. శిక్ష పెరిగినకొద్దీ అది పడే అవకాశం తగ్గిపోతుందన్నమాట.

కోడంబాక్కం_వకీలు
దీనికి చరిత్రలో అచ్చంగా ఇలాంటి ఉదాహరణ ఉంది. పద్ధెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. ఇంట్లో నలభై షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలిస్తే ఉరి. జ్యూరీలో కూర్చున్నవాళ్ళు ఊళ్ళో వర్తకులు, రైతులు. ఒక వెండి గిన్నె కోసం ఎదురుగా నిలబడిన మనిషి మెడకు తాడు వేయించడానికి వాళ్ళకు మనసొప్పేది కాదు. అందుకని ఎంత ఖరీదైన వస్తువైనా దాని విలువ ముప్పై తొమ్మిది షిల్లింగులని తీర్పు రాసేవారు. టీచరమ్మ గారి చెత్తబుట్ట, ఆ ముప్పై తొమ్మిది షిల్లింగులు ఒకటే. జేబుదొంగతనానికి ఉరి ఉన్న రోజుల్లో, ఉరి చూడటానికి వచ్చిన జనం మధ్యే జేబులు కొట్టేవారని అప్పటివాళ్ళు రాసిపెట్టారు.

పల్నాటి_పిల్లోడు
ఇదంతా చిన్న నేరాల సంగతి. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్ళ విషయంలో కూడా ఇదే మాట అంటారా? 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు నేను బెంగళూరులో పేయింగ్ గెస్ట్‌గా ఉన్నాను. మా గదిలో నలుగురమూ చప్పట్లు కొట్టాం. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది, ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, ఉరి అన్నారు. అలాంటి భయం ఉంటే మృగాలు కూడా వెనక్కి తగ్గుతాయని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

కంటోన్మెంట్_టీచరమ్మ
నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ రోజు మీ గదిలో కలిగిన కోపమే మా ఇంట్లోనూ కలిగింది. కానీ ఆ కోపాన్ని, మా పిల్లలు రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగి క్షేమంగా ఇంటికి చేరడాన్ని నేను ఒకటిగా చూడలేను. కోపం చల్లారినంత మాత్రాన దారి భద్రం కాదు.

కోడంబాక్కం_వకీలు
పల్నాటి గారూ, మీ కోపాన్ని తక్కువ చేయకుండానే కొన్ని విషయాలు మీ ముందు పెడతాను. ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకు వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది చెప్పింది. దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది అమలులోకి రాలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత చట్టం ఎలా మార్చాలో సూచించమని వేసిన జస్టిస్ వర్మ కమిటీ, దేశమంతా ఉరి ఉరి అని అరుస్తున్న సమయంలో కూడా అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు.

దాని వెనక ఉన్న ఆలోచన కరుణ ఒక్కటే కాదు. చంపినా చంపకపోయినా ఉరే అయినప్పుడు, బతికి ఉన్న సాక్షిని వదిలిపెట్టడానికి నేరస్థుడికి కారణం ఉండదు. పైగా ఈ కేసుల్లో చాలావాటిలో నిందితుడు ఇంటి మనిషో, పక్కింటివాడో, బంధువో అయి ఉంటాడు. మేనమామకు ఉరి పడుతుందని తెలిస్తే ఆ పిల్ల తల్లి స్టేషన్ మెట్లు ఎక్కుతుందా? అక్కడ కూడా ముప్పై తొమ్మిది షిల్లింగులే పనిచేస్తాయి, ఈసారి జ్యూరీ బదులు కుటుంబం ఆ తీర్పు రాస్తుంది.

పల్నాటి_పిల్లోడు
చివరి మాట నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా ఉరిశిక్ష వల్ల హత్యలు తగ్గవని మీరు గట్టిగా చెప్పగలరా?

కోడంబాక్కం_వకీలు
తగ్గుతాయని గాని, తగ్గవని గాని చెప్పడానికి అప్పటిదాకా జరిగిన అధ్యయనాలు పనికిరావని అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో తేల్చింది. మన దగ్గర 1967లో లా కమిషన్ ముప్పై అయిదో నివేదిక ఉరిశిక్ష ఉంచమంది. 2015లో జస్టిస్ ఎ.పి.షా అధ్యక్షతన వచ్చిన 262వ నివేదిక, యావజ్జీవ శిక్షకంటే ఉరి ఎక్కువగా నిరోధిస్తుందనడానికి ఆధారం లేదంటూ, ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం తప్ప మిగతావాటికి తీసేయమంది. రుజువు లేని లాభం కోసం మనిషి ప్రాణం తీయవచ్చా అన్నది ఇక లెక్కలు తేల్చగలిగిన ప్రశ్న కాదు.

మీ పల్నాడు వైపే 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనం జరిగి ఇరవై ముగ్గురు చనిపోయారు. దోపిడీకి వెళ్ళిన ఇద్దరు యువకులకు ఉరి పడింది. రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ కాలంలో అది యావజ్జీవంగా మారింది. పెట్రోలు డబ్బాతో బస్సు ఎక్కినవాళ్ళు ఆ క్షణంలో ఉరికొయ్యను, యావజ్జీవాన్ని పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకుని ఉంటారని నేను అనుకోను.

మాధవరం_లారీ
నాకు మూడు లారీలు ఉన్నాయి, నెల్లూరు మీదుగా సరుకు తోలుతాం. ప్రమాదంలో మనిషి ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు జైలని కొత్త న్యాయ సంహితలో 106(2) పెట్టినందుకు 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేశారు. ఆ క్లాజును ఇంకా అమలులోకి తేలేదు. మా డ్రైవరు చెప్పిన మాట ఇక్కడ చెప్పాలి. "అన్నా, బండి ఆగగానే నాకు గుర్తొచ్చేది పదేళ్ళ జైలు కాదు, చుట్టూ మూగే జనం చేతుల్లో ఉన్న రాళ్ళు" అన్నాడు. ఆ జనం భయం తగ్గిస్తే వాడు ఆగుతాడు, దెబ్బతిన్నవాణ్ణి ఆసుపత్రికి కూడా చేరుస్తాడు. పదేళ్ళను పదిహేను చేసినా ఆ రాళ్ళు అలాగే ఉంటాయి.

హెచ్ఎస్ఆర్_కోడర్
ఇది చాలా ముఖ్యమైన మాట. ఒకేసారి రెండు భయాలు ఎదురైతే దగ్గర్లో ఉన్నదే గెలుస్తుంది.

సాగరతీరం
నౌకాదళంలో ఇరవై నాలుగేళ్ళు చేసి, ఎక్కువ కాలం విశాఖలో గడిపి, ఇప్పుడు సి.వి.రామన్ నగర్‌లో ఉంటున్నాను. ఈ చర్చ చదువుతుంటే మేము వేరే పేర్లతో మాట్లాడుకునే విషయమే ఇక్కడ నడుస్తోందనిపించింది. రక్షణ రంగంలో నిరోధం, అంటే ఎదుటివాడు దాడికి దిగకుండా ముందే ఆపడం, రెండు రకాలు. నువ్వు కొడితే నేను తట్టుకోలేని దెబ్బ తిరిగి కొడతానని చెప్పి ఆపడం ఒకటి. నువ్వు ఎంత ప్రయత్నించినా అనుకున్నది సాధించలేవని చూపించి ఆపడం రెండోది. రాగిసంగటి గారు బండిని తుక్కు చేయమన్నది మొదటి రకం. సర్వీస్ రోడ్డు మొదట్లో రాంగ్ సైడ్ బండి దూరకుండా ఇనుప స్తంభాలు పాతడం రెండో రకం. రెండోదాంట్లో ఎవరి మనసులో ఏముందో మనం ఊహించనక్కర లేదు.

ఇక టీచరమ్మ గారి చీటీ. 2003 జనవరి 4న మన ప్రభుత్వం ప్రకటించిన అణు విధానంలో, మనం ముందుగా వాడమని, మన మీద గాని మన సైన్యం మీద గాని ఎక్కడ వాడినా తట్టుకోలేనంత భారీ ప్రతిదాడి చేస్తామని ఉంది. 2011లో పాకిస్తాన్ నస్ర్ అనే అరవై కిలోమీటర్ల క్షిపణిని పరీక్షించింది. యుద్ధభూమిలో ముందుకు వస్తున్న సైన్యం మీద చిన్న అణ్వస్త్రం వాడతామన్నది దాని వెనక ఉన్న బెదిరింపు. ఎడారిలో ఒక ట్యాంకుల దళం మీద పడిన చిన్న బాంబుకు బదులుగా మనం నగరాలను నాశనం చేస్తామని ఎదుటివాడు నమ్ముతాడా? నమ్మకపోతే, మన అంత పెద్ద బెదిరింపు కూడా ఆ చెత్తబుట్టలో పడిన చీటీ లాంటిదే. మరీ పెద్ద శిక్షను అమలు చేయవలసిన చెయ్యే వణుకుతుంది, ఆ వణుకు ఎదుటివాడికి కనపడుతుంది.

దండనీతి
సాగరతీరం గారి పోలికను నేను సగమే ఒప్పుకుంటాను. దొంగ, తాగుబోతు, కోపంతో కత్తి తీసినవాడు ఆ క్షణంలో లెక్క వేయరు. దేశాన్ని నడిపేవాళ్ళు గదిలో కూర్చుని, పటాలు పరచుకుని, రోజుల తరబడి లెక్క వేస్తారు. అలాంటివాళ్ళకు నూటికి ఒక్క వంతు అవకాశమున్న సర్వనాశనం కూడా చాలా పెద్ద భయమే. కాబట్టి 'ఖాయమైన శిక్షే ఆపుతుంది, తీవ్రత ఆపదు' అన్న బెకారియా సూత్రం అణ్వస్త్రాల దగ్గర పనిచేయదు. 1945 తరువాత యుద్ధంలో అణుబాంబు వాడకపోవడానికి కారణాలు ఎన్ని చెప్పినా, ఆ తీవ్రత పట్ల భయం అందులో తప్పక ఉంది.

కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే ఈ విషయం చర్చించాడు. దండం ఎత్తే ఉంచాలనే పూర్వాచార్యుల మాటను కాదని, తీక్ష్ణంగా దండించే రాజును చూసి జనం హడలిపోతారు, మెత్తగా దండించేవాణ్ణి లెక్కచేయరు, తగినంత దండించేవాణ్ణి గౌరవిస్తారు అన్నాడు. రాగిసంగటి గారు ఎత్తిచూపిన పెద్దల మాటకు ఇదీ పెద్దల జవాబే.

పెరంబూరు_పాతకాపు
మేము నాలుగు తరాలుగా మద్రాసువాళ్ళం. చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేసిన తిరుక్కురళ్‌లో 562వది గుర్తొచ్చింది: సంపద చాలాకాలం నిలవాలనుకునేవాడు దండాన్ని గట్టిగా ఎత్తాలి, మెల్లగా వేయాలి. ఎత్తడానికీ వేయడానికీ మధ్య ఉన్న ఆ దూరంలోనే ఈ చర్చంతా ఉందనిపిస్తుంది నాకు.

రాయలసీమ_రాగిసంగటి
నేను మొదట రాసింది ఆవేశంలో రాశాను. మా సొంత ఊరి సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది కడప జిల్లాలో ఫ్యాక్షన్ ఊరు. మా తాత ఇంటికి ముందొకటి, గడ్డివాము వెనక ఒకటి, రెండు తలుపులు ఉండేవి. రెండోదాన్ని ఎప్పుడూ లోపల గడియ వేయకుండా ఉంచేవారు. ఎదుటి వర్గం దగ్గర నాటుబాంబులు ఉన్నాయని మావాళ్ళు తెచ్చిపెట్టుకున్నారు, మావాళ్ళు తెచ్చుకున్నారని వాళ్ళు ఇంకొన్ని తెచ్చుకున్నారు. ఇరుపక్షాల పెద్దలూ చెప్పింది ఒకటే మాట: ఇవి వాడటానికి కాదు, వాళ్ళు మన జోలికి రాకుండా ఉండటానికి. ఆ మాట వాళ్ళు నిజంగానే నమ్మారు. ఒకరోజు మా చిన్నతాత పొలం నుంచి వస్తూ దారిలో హతమయ్యాడు. దానికి బదులు తీర్చకపోతే మనల్ని చేతగానివాళ్ళనుకుంటారని మావాళ్ళు ఒకణ్ణి నరికారు. ఆ బదులు చూసి వాళ్ళు భయపడలేదు, ఇంకో బదులు బాకీ ఉందనుకున్నారు. మా అమ్మ పెళ్ళినాటికి ఆ రెండు ఇళ్ళల్లోనూ యాభై దాటిన మగవాడు ఒక్కడు మిగలలేదు. నన్ను బెంగళూరు హాస్టల్లో వేసిందే అందుకు.

ఎదుటివాడు భయపడాలని మనం చేసే పని అతనికి భయంగానే కనపడుతుందన్న హామీ ఏముంది? అవమానంగా కనపడితే ఏమవుతుందో నాకు మా ఊళ్ళో తెలిసింది. ఇది తెలిసి కూడా బాటసారి గారి పోస్టు చదవగానే బండిని తుక్కు కొట్టించమన్నాను. ఆ భాష నాలో ఎంత లోతున ఉందో నాకే ఇప్పుడు తెలుస్తోంది.

కంటోన్మెంట్_టీచరమ్మ
రాగిసంగటి గారూ, ఇది రాసినందుకు మీకు నమస్కరిస్తున్నాను. గడియ వేయని ఆ వెనక తలుపు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

సాగరతీరం
మీ ఊరి కథకు దేశాల మధ్య కూడా రూపముంది. 1998 మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లో పరీక్షలు చేశాం, మే 28న పాకిస్తాన్ చేసింది. ఇక యుద్ధాలు రావని అప్పట్లో చాలామంది అన్నారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్ వచ్చింది. పై మెట్టు మీద, అంటే అణ్వస్త్రాల దగ్గర, ఇద్దరికీ భయం ఉంది కనుక కింది మెట్టు మీద చిన్నపాటి యుద్ధం చేసుకోవచ్చని ఒకరు లెక్క వేసుకున్నారు. మన వైమానిక దళం నియంత్రణ రేఖ దాటకుండానే పోరాడింది, అంటే ఆ భయం మనల్ని కూడా కట్టివేసింది. నిరోధం పనిచేసిందా లేదా అని అడిగితే, పెద్ద యుద్ధాన్ని ఆపింది, చిన్న యుద్ధానికి దారి తెరిచింది అని రెండు జవాబులూ ఇవ్వాలి. 2001 పార్లమెంటు దాడి, 2008 ముంబయి, 2019 పుల్వామా, 2025 ఏప్రిల్‌లో పహల్‌గాం, మే నెలలో ఆపరేషన్ సిందూర్, వీటన్నిటికీ వెనక ఆ రెండు మెట్ల లెక్క ఉంది.

దండనీతి గారు గదిలో కూర్చుని లెక్క వేసేవాళ్ళ గురించి చెప్పారు. ఆ గదిలో ఉండేదీ మనుషులే. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్న స్తనిస్లావ్ పెత్రోవ్‌కు అమెరికా క్షిపణులు వస్తున్నాయని తెర మీద కనిపించింది. అయిదు క్షిపణులతో ఎవరూ యుద్ధం మొదలుపెట్టరని ఆయన దాన్ని తప్పుడు హెచ్చరికగా పైకి చెప్పాడు. అది తప్పుడు హెచ్చరికేనని తరువాత తేలింది. నిరోధమనే యంత్రమంతా ఆ రాత్రి నిలబడింది ఒక మనిషి నియమం ప్రకారం కాక తన బుద్ధి ప్రకారం నడుచుకోవడం వల్ల. నేను యూనిఫాం వేసుకున్న రోజుల్లో ఈ కథ తలచుకుంటే నిద్ర పట్టేది కాదు.

దండనీతి
పెత్రోవ్ సంగతి తెలుసు. నా వాదనలో అది పెద్ద కంత అని ఒప్పుకుంటున్నాను. దొంగ విషయంలో నిరోధం ఒకసారి విఫలమైతే సమాజం తట్టుకుంటుంది, మరుసటి రోజు ఇంకో పద్ధతి చూడవచ్చు. అక్కడ రెండో ప్రయత్నం ఉండదు.

పెరంబూరు_పాతకాపు
మా ఊరికి ఒక అనుభవం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డన్ వచ్చి రేవు దగ్గరి బర్మా ఆయిల్ ట్యాంకులను పేల్చి వెళ్ళింది. హైకోర్టు గోడ మీద ఇప్పటికీ ఆ గుర్తు ఫలకం ఉంది. సముద్రాలన్నీ ఏలే నౌకాదళం ఉన్న బ్రిటన్‌ను చూసి ఆ నౌక ఆగలేదు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర దాని కథ ముగిసింది. ప్రాణం మీద ఆశ వదులుకుని వచ్చే ఒంటరివాడికి శిక్ష భయం అక్కరకు రాదు. ఆ రాత్రి ఊరి దీపాలు ఆర్పి ఉంటే మాత్రం అక్కరకు వచ్చేది.

కంటోన్మెంట్_టీచరమ్మ
ఇంకో ప్రశ్న మిగిలి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇతరులను భయపెట్టడానికి ఒక మనిషిని శిక్షించడం న్యాయమేనా? ఆ మనిషి చేసిన తప్పుకు తగినంత శిక్ష ఇవ్వడం వేరు. 'ఇతణ్ణి చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి' అని అంతకు మించి ఇవ్వడం వేరు. ఆ మించిన భాగం అతను చేయని తప్పులకు ఇచ్చిన శిక్ష కదా! భయపెట్టడమే లక్ష్యమైతే, దొరికినవాడు అసలు దోషి కావలసిన అవసరం కూడా ఉండదు, జనం అతణ్ణి దోషి అని నమ్మితే సరిపోతుంది. షాద్‌నగర్ విషయంలో నన్ను బాధపెట్టింది ఇదే. ఎవరు ఏమి చేశారన్నది కోర్టులో తేలకముందే పూలు చల్లేశాం.

పల్నాటి_పిల్లోడు
ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి టీచరమ్మ గారూ. మీరు చెప్పింది నాకు కష్టంగా ఉంది, కానీ తప్పని అనలేను.

మారతహళ్ళి_బాటసారి
అందరి పోస్టులూ చదివాక నిన్న సాయంత్రం ఆ సర్వీస్ రోడ్డు దగ్గరికి వెళ్ళి, టీ కొట్టు పక్కన గంటసేపు నిలబడ్డాను. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ గారు ఆ మూల దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నారు. ఆయన ఉన్నంతసేపు ఒక్క బండి కూడా రాంగ్ సైడ్‌లో రాలేదు. దూరంగా ఆయన తెల్ల చొక్కా కనపడగానే వెనక్కి తిప్పుకుని పోయారు. ఆయన చేతిలో కర్ర లేదు, చలాన్ మెషీన్ కూడా బయటకు తీయలేదు. టీ తాగడానికి ఈ పక్కకు వచ్చి గ్లాసు పట్టుకున్నారో లేదో, వరసగా బండ్లు వచ్చాయి. అందులో ఒకాయన వెనక సీటులో స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్ల ఉంది.

ఆ అబ్బాయి ఆసుపత్రికి రెండోసారి వచ్చాడు, పళ్ళు తెచ్చాడు. నేను కోపగించుకోకుండా అడిగాను, రాంగ్ సైడ్ తిప్పినప్పుడు ఏమనుకున్నావని. యూటర్న్ ఒకటిన్నర కిలోమీటరు అవతల ఉందని, డెలివరీ ఆలస్యమైతే రోజు ఇన్సెంటివ్ పోతుందని చెప్పాడు. చలాన్ సంగతి అడిగితే, అది ఫోనులో మెసేజ్‌గా వస్తుంది, బండి ఎప్పుడైనా అమ్మేటప్పుడు చూసుకుందామనుకున్నానన్నాడు. ఇన్నాళ్ళలో తనను ఎవరూ చేత్తో ఆపలేదట.

స్తంభాలు పాతమని, యూటర్న్ దగ్గరగా తెరవమని మా అపార్ట్‌మెంట్ వాళ్ళం కలిసి అర్జీ రాశాం. సాగరతీరం గారి మాటలు అందులో దాదాపు అలాగే వాడుకున్నాను. వచ్చే నెల 9న కేసు వాయిదా ఉంది. ఆ అబ్బాయి జైలుకు వెళ్ళాలని మా బావమరిది కోరుకోవడం లేదు, కొన్ని నెలలు బండి ముట్టకుండా ఉంటే చాలంటున్నాడు. అది మేము అడగవచ్చా వకీలు గారూ?

కోడంబాక్కం_వకీలు
అడగవచ్చు. శిక్ష పడిన వ్యక్తి కొంతకాలం లైసెన్స్ కలిగి ఉండకుండా నిషేధించే అధికారం మోటారు వాహనాల చట్టం 20వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. మీ కోరికను ప్రాసిక్యూటరు ద్వారా ముందుంచండి. 9వ తేదీన మీ బావమరిది చక్రాల కుర్చీలో అయినా సరే కోర్టుకు వెళ్ళాలి, తరువాతి వాయిదాలకూ వెళ్ళాలి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ వీగిపోయింది సాక్షి రాకపోవడం వల్లే.